తుమ్మముల్లుతో విన్న పాట

విశ్వాసమ్మ టీచరుకు కోపం రావడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. శ్రుతి తప్పిన హార్మోనియం చాలు. ఆలస్యంగా వచ్చిన బస్సు చాలు. ప్రార్థన ముగిసి ఆమేన్ అనాల్సిన చోట దగ్గేవాడు చాలు. కడపలో మిషను వాళ్ళ ఆడపిల్లల బడిలో ఆమె పాటల టీచరు. ఆమె ఎవరినైనా మెచ్చుకుంటే ఆ రోజు వాన పడుతుందని బడి పిల్లలు అనుకునేవాళ్ళు. మా సీమలో వానల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఆ మాటలో అన్యాయం ఏమీ లేదు.

ఆమె తండ్రి ఏసేపు పల్లెల్లో ఉపదేశిగా తిరిగిన మనిషి. ఆయన వాక్యం చదువుతుంటే జనం కునికేవాళ్ళు. పక్కన నిలబడిన కూతురు పాట ఎత్తుకుంటే ఉలిక్కిపడి లేచి కూర్చునేవాళ్ళు. పెళ్ళి సంబంధాలు వచ్చాయి, పోయాయి. చూడవచ్చిన పెళ్ళికొడుకును ఒక కీర్తన పాడమని అడిగి, రెండో చరణంలో ఆపి తప్పులు చెప్పే పిల్లకు సంబంధం ఎట్లా కుదురుతుంది? దొరల ప్రభుత్వం పోయినాక, బడిలో ఉండిన ఒక దొరసాని కూడా తన దేశానికి వెళ్తూ చేత్తో తిప్పే గ్రామఫోను పెట్టెను విశ్వాసమ్మకు ఇచ్చిపోయింది. ఆ పెట్టెతోనే ఆమెకు కొత్త పని వచ్చిపడింది.

కడపలో వారపత్రిక నడిపే శ్రీనివాసులు ఒకనాడు ఆమె ఇంటికి వచ్చి, బజారులోకి వచ్చే కొత్త పాటల రికార్డుల మీద నాలుగు ముక్కలు రాయమన్నాడు. ఆమె రాసింది. రాసిన నాలుగూ వాతలే. జనం ఎగబడి చదివారు. ఒకరికి వాత పడితే చూడటానికి పదిమంది పోగవడం ఎక్కడైనా ఉన్నదే. సంఘ పెద్దలు మాత్రం, ఆదివారం దేవుని పాటలు, సోమవారం లోకం పాటలా అని సణిగారు. "మీరు దేవుని పాటలు పాడే తీరుకు, సోమవారం చెవులు కడుక్కోవాల్సి వస్తాంది" అని ఆమె అన్నదని చెప్పుకుంటారు. అన్నదో లేదో నాకు తెలియదు గానీ, అనగలిగిన మనిషే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. రాజధాని అన్నాక సభలూ సన్మానాలూ ఉండాలి కదా, అక్కడి సంగీత సభవాళ్ళు ఆ ఏడు ఒక వెండి కప్పు ప్రకటించారు. ఆడవాళ్ళు పాడిన లలిత గీతాల రికార్డుల్లో మేలైన దానికి ఉగాది నాడు ఇస్తామన్నారు. వచ్చిన వాటిలో నాలుగింటిని పోటీకి నిలిపారు. శ్రీనివాసులు ఆ నాలుగింటి పేర్లూ రాసుకుని టీచరమ్మ దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు.

"నాలుగూ ఆడోళ్ళవే టీచరమ్మా. అందుకని ఆడమనిషి రాస్తేనే బాగుంటాది."

"అట్లనా? మగోళ్ళ పాటల మీద రాసినప్పుడు నేను మీసాలు పెట్టుకోని రాసినానా, ఏమప్పా శ్రీనివాసులూ?"

అది మొదటి చిరాకు. రెండోది సుబ్బయ్య అంగట్లో ఎదురైంది. సుబ్బయ్య రేడియోలూ రికార్డులూ అమ్ముతాడు. రాయడానికి రికార్డులు ఊరికే అరువిస్తాడు, కానీ వాటిని తిరిగి తీసుకుని కొత్తవని అమ్ముకుంటాడు. అందుకని ప్రతిసారీ ఒకటే పాట పాడతాడు.

"ఇనుప పిన్ను మాత్రం పెట్టొద్దు తల్లీ. గీతలు పడితే నా బతుకు బుగ్గి. ముల్లుతోనే వినండి."

ముల్లంటే తుమ్మముల్లు. పిన్నులు సరిగ్గా దొరకని రోజుల్లో మొదలైన అలవాటు అది. మా సీమలో ఏది కరువైనా తుమ్మముళ్ళకు కరువు లేదు. గట్టి ముల్లు చూసి కోసి, నీడన బాగా ఎండబెట్టి, బ్లేడుతో కొసను వాలుగా చెక్కి, పెట్టె చేతికి పిన్ను బదులు బిగిస్తే అదీ పాట పలికిస్తుంది. మెత్తగా పలుకుతుంది, రికార్డును అరగదీయదు. కాకపోతే ఒక వైపు పాట అయ్యేసరికి మొన మొద్దుబారిపోతుంది, మళ్ళీ చెక్కుకోవాలి. ఆ ముళ్ళు చెక్కడంలో విశ్వాసమ్మకు మహా గర్వం. ఇనుము అరుస్తుంది, ముల్లు మాట్లాడుతుంది అని బడి పిల్లలకు పాఠంలా చెప్పేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం మరి.

రికార్డులు ఇంటికి తెచ్చిన రోజు మబ్బుపట్టి, ఉక్కగా ఉంది. పెట్టె తిప్పే చప్పుడు వినపడగానే కిటికీ దగ్గర ఇరుగుపొరుగు చేరారు. ఎదురింటి నాగలక్ష్మమ్మ అయితే పీట తెచ్చుకుని గడపలోనే కూర్చుంది. ఆమెకు పాటతో పని లేదు. పాడిన మనిషి వివరాలు కావాలి.

"ఈమెకు పెండ్లయినాదా?"

"తెలీదు."

"సంసారుల బిడ్డేనా? లేకుంటే..."

"నాగలక్ష్మమ్మా, నేను పాట వింటాండా. సంబంధం చూడ్డంలా."

"గొంతు చూస్తే ఎర్రగా ఉన్నట్టుండాది."

గొంతును చూసి రంగు చెప్పే మనుషుల మధ్య కూర్చుని ఆమె ఆ రికార్డులు విన్నది. మొదటిది ఎవరో పెద్ద వకీలు గారి భార్య పాడినది. పాటకంటే గాజుల చప్పుడు బాగా వినపడుతోందనీ, తాళం వాటిదే గనుక కప్పు ఆ గాజులకే ఇవ్వాలనీ రాసింది. రెండోది మద్రాసులో పేరుమోసిన గాయని పాట. పానకంలో చక్కెర వేయడం తెలుసుగానీ చక్కెరలో పానకం పోయడం ఇదే చూడటమని రాసింది. మూడోది జోలపాట. జోలపాట పని నిద్రపుచ్చడమే కాబట్టి, ఈ రికార్డు తన పని తాను చేసిందని రాసింది. ఒక్కొక్కటీ మళ్ళీ మళ్ళీ విని, మొన మొద్దుబారిన ప్రతిసారీ కొత్త ముల్లు మార్చి, మరీ రాసింది. ఆ విషయంలో ఆమెకు వంక పెట్టలేం.

నాలుగో రికార్డు దగ్గరకు వచ్చేసరికి ఎండిన ముళ్ళు అయిపోయాయి. ఆమె ఓపిక అంతకుముందే అయిపోయింది. వాకిట్లో శ్రీనివాసులు వచ్చి నిలబడ్డాడు.

"ప్రెస్సులో కంపోజిటరు చేతులు కట్టుకోని కూచోనుండాడు టీచరమ్మా. ఇంకెంతసేపు?"

"నన్ను గాలి పీల్చుకోనిస్తావా లేదా?"

"పీల్చుకోండమ్మా, పీల్చుకుంటానే రాయండి."

ఒళ్ళు మండిపోయి ఆమె పెరట్లోకి పోయింది, కంచె మీది తుమ్మకొమ్మ నుంచి ఒక ముల్లు విరిచింది, కొసను గబగబా చెక్కి పెట్టెకు బిగించింది. పచ్చి ముల్లు. నాలుగో రికార్డు పాడింది కమలాపురం దగ్గరి పిల్ల, పేరు సిద్దమ్మ. కూలి చేసుకునే ఇంటి బిడ్డ. తిరునాళ్ళలో కోలాటం పాటలు పాడుతుంటే రికార్డు కంపెనీ మనిషి ఒకడు విని మద్రాసుకు పిలిపించాడట. చేనిగట్టు మీద నిలబడి ఇంటాయనను సంగటికి రమ్మని పిలిచే పాట అది. పాట బాగానే ఎత్తుకుంది. పైకి పోయేసరికి గొంతు గరగరమంది. దిగాక సర్దుకుంది. మళ్ళీ పైకి పోతే మళ్ళీ గరగర. విశ్వాసమ్మ ముఖం చిట్లించుకుని ఒక్కసారే విన్నది. ఆ ఒక్కసారికే కలం తీసుకుంది.

"ఈ పిల్ల గొంతు పైకి పోయినప్పుడల్లా చీలిపోతున్నది. ఇంత గట్టిగా పాడమని ఎవరు చెప్పారు? పక్క చేనులో మనిషిని పిలవడం వేరు, పాట పాడటం వేరు. గొంతు తగ్గించుకుంటే ముందుముందు పాట వస్తుందేమో చూడాలి."

ఆ వారం పత్రిక మొత్తంలో జనానికి నచ్చింది ఆ చివరి ముక్కే. పక్క చేనులో మనిషిని పిలవడం వేరు, పాట పాడటం వేరు అని అంగళ్ళలో చెప్పుకున్నారు. ఇంట్లో కోడళ్ళు గట్టిగా మాట్లాడితే అత్తలు ఆ మాటే అన్నారు. బయటికి ఒప్పుకోదుగానీ విశ్వాసమ్మకూ ఆ వాక్యం మీద మురిపెమే. ఉగాదికి కర్నూలు సభవాళ్ళు జోలపాటకు కప్పు ఇచ్చారు. కడప పత్రిక కూడా ఆ రికార్డు తన పని చక్కగా చేసిందని మెచ్చుకున్నదని సభలో చదివి వినిపించారట. అది విని ఆమె తలపట్టుకుంది. ఎద్దేవా చేస్తే మెప్పు అనుకునే వాళ్ళకు ఏం చెప్పి ఏం లాభం?

ఎండలు ముదిరి, తొలకరి కోసం అందరూ ఆకాశం వైపు చూస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం ఆమె బస్టాండు దగ్గర పుల్లయ్య హోటలు ముందు నుంచి నడిచి వస్తోంది. హోటల్లో గ్రామఫోను మోగుతోంది. బండ్లు, బస్సులు, గుర్రపు జట్కాలు, టీ గ్లాసుల చప్పుడు. ఆ రొద మీదుగా ఒక గొంతు లేచింది. పైకి పోయింది. ఇంకా పైకి పోయింది. ఎక్కడా చీలలేదు, పోయినకొద్దీ తేటపడింది. విశ్వాసమ్మ రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. జట్కావాడు కేకలేశాడు. ఆమె వాడిని తిట్టడం కూడా మర్చిపోయింది.

"పుల్లయ్యా, ఎవరిదప్పా ఈ గొంతు?"

పుల్లయ్య నవ్వాడు. "మీకు తెలీదా టీచరమ్మా? మీరు పేపర్లో రాసిన పిల్లే, ఆ పాటే. కమలాపురం సిద్దమ్మ."

"ఏ పిన్ను పెట్టినావు?"

"ఇనుపదే. ఈ రొదలో ముల్లు పెడితే వినపడతాదా?"

"మళ్ళా పెట్టు."

మళ్ళీ పెట్టాడు. ఇంకోసారి పెట్టమంది. టీ తాగేవాళ్ళు విసుక్కున్నారు. ఆమె ఆ రికార్డునూ, ఒక ఇనుప పిన్నునూ అడిగి తీసుకుని ఇంటికి పోయింది. పచ్చి ముల్లు పెడితే అదే గరగర. ఎండిన ముల్లు పెడితే కొంచెం తగ్గింది. ఇనుప పిన్ను పెడితే గరగర ఎక్కడా లేదు. గొంతు చీలలేదు. ఆ గొంతును ముల్లు మోయలేకపోయింది. ఇరవై ఏళ్ళుగా పిల్లల గొంతులు సరిచేసిన మనిషి, ముల్లు చేసిన చప్పుడును ఒక పిల్ల నెత్తిన రుద్దింది. ఆ రాత్రి ఆమె తనను తాను తిట్టుకున్న తిట్లు ఏ రికార్డు మీదా ఎన్నడూ రాయలేదు.

తెల్లవారి పత్రికాఫీసుకు పోయి, తప్పు జరిగిందని అచ్చువెయ్యమంది. శ్రీనివాసులు కుర్చీలోంచి లేవలేదు.

"దిద్దుబాటు వేస్తే పేపరు పరువేం కావాల టీచరమ్మా?"

"నా పరువు పోతాంది, నీదేం పోయింది? ముల్లు తప్పు అని నా పేరు పెట్టే రాయి."

"జనం నవ్వుతారు. అయినా ఆ ముక్క ఊరందరి నోట్లో ఉండాది. దాన్ని యాడికని పోయి వెనక్కి తెచ్చేది? ఇంకో రికార్డు వచ్చినప్పుడు రెండు మంచి మాటలు రాద్దురులే." కాస్త ఆగి అన్నాడు, "వస్తాది కూడా. కంపెనీవాళ్ళు ఆ పిల్లను మళ్ళా మద్రాసుకు రమ్మన్నారంట. ఈ ఆదివారం రైలెక్కుతాదంట. కప్పు రాలేదు కదా, ఈసారి కుదరకపోతే ఇంక పిలిచేది లేదని ముందే చెప్పినారంట."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాదు, ఇంకా ఒక ఆకు మిగిలే ఉంది. ఆ పిల్ల రైలెక్కేలోగా తన రాతను పట్టించుకోవద్దని చెప్పాలి. ఎప్పటిలా, గట్టిగా పాడమని చెప్పాలి. అంతే కదా.

శనివారం బడి వదలగానే కమలాపురం బస్సెక్కింది. బస్సు దారిలో రెండుసార్లు ఆగింది. ఇంజన్లో నీళ్ళు లేవన్నాడు డ్రైవరు. నీళ్ళు లేకుండా బస్సు ఎందుకు తీశావని ఆమె దిగి నిలదీసింది. "ఊర్లో మనుషులకే లేవమ్మా" అన్నాడు వాడు. అడుగుతూ అడుగుతూ చేరేసరికి పొద్దు వాలుతోంది. పూరిల్లు, ముందర కొంచెం వాకిలి. వాకిట్లో సిద్దమ్మ తల్లి గురమ్మ శెనక్కాయలు వలుస్తోంది. వచ్చిన మనిషి ఎవరో చెప్పగానే ఒళ్ళోని కాయలు నేలపాలు చేసి లేచింది.

"పేపర్లో రాసిన టీచరమ్మా? మా ఇంటికా? సిద్దీ, ఓ సిద్దీ, ఎవరొచ్చినారో చూడు!"

సిద్దమ్మ లోపల నుంచి వచ్చింది. బక్కపల్చటి పిల్ల, రెండు చేతులూ జోడించి తలుపు పక్కనే నిలబడింది. చాప వేశారు. మజ్జిగ ఇచ్చారు. విశ్వాసమ్మ చెంబు అందుకుని నోరు విప్పేలోగా గురమ్మే మొదలుపెట్టింది.

"మీ రుణం ఎట్ల తీర్చుకోవాలో తెలీదమ్మా. మాకు చెప్పేవాళ్ళు ఎవరుండారు? మీరు రాసిందాన్ని అయ్యవారితో చదివించుకున్యాం. ఆ పొద్దునుంచి దీనికి ఒకటే ధ్యాస. చేన్లో ఉన్నోళ్ళను గొంతెత్తి పిలవను కూడా పిలవదు. అంత దూరం నేనే నడిచి పోయి పిలుచుకోని రావాల. మిరియాల పాలు తాగుతాంది. గొంతు తగ్గించుకోని తగ్గించుకోని ఇప్పటికి దోవకు తెచ్చింది."

విశ్వాసమ్మ చెంబు కింద పెట్టింది. "ఏం తెచ్చింది?"

"పాడి వినిపించు సిద్దీ. అమ్మ నీకోసమే వచ్చినట్టుండాది."

సిద్దమ్మ పాడింది. అదే పాట, చేనిగట్టు మీది పిలుపు. కానీ గట్టు మీద నిలబడి పిలుస్తున్నట్టు లేదు, పక్కన కూర్చున్న మనిషి చెవిలో చెబుతున్నట్టుంది. పైకి పోవాల్సిన చోట గొంతు సగం మెట్లెక్కి మెల్లగా దిగింది. మెత్తగా, తియ్యగా, తప్పు లేకుండా పాడింది. మద్రాసులో ఇట్లా పాడేవాళ్ళు వీధికొకరున్నారు. అక్కడ ఇట్లా పాడితే ఈ పిల్లను సాయంత్రం రైలుకే వెనక్కి పంపిస్తారు. పాట అయ్యాక సిద్దమ్మ ఆశగా చూసింది.

"ఇప్పుడు బాగుందామ్మా? మీరు చెప్పినట్టే పాడినా."

"బాగలేదు!" అని అరిచింది విశ్వాసమ్మ.

సిద్దమ్మ ముఖం చిన్నబోయింది. "ఇంకా తగ్గించాల్నా?"

"తగ్గించొద్దే తల్లీ! పెంచు! ముందర పాడినావు చూడు, అట్ల పాడు. నీ గొంతులో గరగర లేదు. నాదే తప్పు. నేను పచ్చి తుమ్మముల్లు పెట్టి విన్యా. ఆ గరగర ముల్లుది. హోటల్లో ఇనుప పిన్నుతో విన్యాక తెలిసింది. నీ అంత గొంతు మన జిల్లాలోనే లేదు. నేను రాసిందంతా తప్పు, వింటాండావా? ముల్లుది తప్పు, నాది తప్పు."

తల్లీ కూతురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గురమ్మ మెల్లగా అంది, "అచ్చులో పడినాది కదమ్మా. ఊరికే వేస్తారా?"

"ఊరికే వేస్తారు! ఆ శ్రీనివాసులు ఏదైనా వేస్తాడు! వాని సంగతి మీకు తెలీదు. పాడు సిద్దమ్మా, గట్టిగా. చేన్లో వాళ్ళకు వినపడేటట్ల పాడు. నేను చెప్తాండా కదా!"

సిద్దమ్మ లేచి నిలబడింది. పాట ఎత్తుకుంది. పైకి పోయే చోటు వచ్చింది. గొంతు లేవబోయింది, ఒక్క క్షణం ఆ పాత గొంతు తొంగి చూసింది కూడా. అంతలోనే పిల్ల చెయ్యి దానంతట అదే గొంతు మీదికి పోయింది, పాట దిగిపోయింది. మళ్ళీ ఎత్తుకోమంది విశ్వాసమ్మ. మళ్ళీ అక్కడే దిగిపోయింది. మూడోసారి ఆమె తానే లేచి, ఎట్లా పాడాలో చూపించబోయి, తన ముసలి గొంతు అక్కడిదాకా పోక దగ్గింది. కోపం ముంచుకొచ్చింది. శ్రీనివాసులు మీద, సుబ్బయ్య మీద, నాగలక్ష్మమ్మ మీద, తన కలం మీద. కోపం వెనకే ఏడుపు వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే మళ్ళీ చెప్పింది, తప్పు తనదేనని, ముల్లుదేనని, ఏసుప్రభువు సాక్షిగా చెబుతున్నానని.

సిద్దమ్మ దగ్గరికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏడవద్దమ్మా. మీరు శానా మంచోళ్ళు. రేపు మద్రాసుకు పోయేదాని మనసు నొప్పించకూడదని, ఇంత దూరం వచ్చి అబద్ధం చెప్తాండారు. నాకు తెలుసు. మీరు రాసిందే నిజం. నేను అట్లనే పాడతా, మీ మాట నిలబెడతా."

గురమ్మ వంగి టీచరమ్మ కాళ్ళకు దండం పెట్టింది.